తేడా మాత్రమే చదివినవాడు

బావ చనిపోయిన రోజు చీమ ఫోను లాకర్లో ఉంది.

అది డిపార్ట్‌మెంట్ నియమం. లోపలి గదిలోకి వెళ్ళేవాళ్ళు ఫోను, చేతిగడియారం ఇనప లాకర్లో పెట్టి తాళం వెయ్యాలి. సాయంత్రం బయటికొచ్చి తాళం తీస్తే తెర మీద బావ మిస్డ్ కాల్ ఒకటి ఉంది. తిరిగి చేస్తే ఎవరో పోలీసు ఎత్తాడు.

పట్టపగలు, బట్టల దుకాణం ముందు, పేవ్‌మెంట్ మీద నడిచిపోతున్న మనిషి మీదికి బూడిదరంగు వ్యాను ఎక్కింది. నంబర్ ప్లేటు లేదు. రోడ్డు మీద బ్రేకు వేసిన గుర్తూ లేదు. బావ చేతిలోని గొడుగు మాత్రం ఒక్క పుల్ల కూడా విరగకుండా రోడ్డు మధ్యకి దొర్లి, గాలికి నెమ్మదిగా తిరుగుతూ ఉందట. చూసినవాళ్ళంతా ఆ గొడుగు గురించే చెప్పారు.

చీమకి ఆ పేరు పెట్టింది బావే. "వీడు కోడ్ చదవడే, దాని మీద పాకుతాడు," అని అక్కతో ఒకసారి నవ్వుతూ అన్నాడు. అప్పటినుంచి ఇంట్లోనూ చీమే, డిపార్ట్‌మెంట్‌లోనూ చీమే. లోకం దృష్టిలో బావా బావమరుదులిద్దరూ తీరిక వేళల్లో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి పనిచేసే ప్రోగ్రామర్లు. ఎవరైనా చదవగల, ఎవరైనా తీసుకుని వాడుకోగల కోడ్ అది. ఆ కోడ్‌లో శత్రువు చెయ్యి పెట్టకుండా కాపలా కాయడం గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో వాళ్ళ అసలు ఉద్యోగం. ఆ ఉద్యోగంలోకి చీమని వేలు పట్టుకుని తీసుకొచ్చింది కూడా బావే.

అక్క అందరి ముందూ ఏడవలేదు. తలుపు పక్కనున్న బావ చెప్పుల్ని ఎవరో తియ్యబోతే, "అవి అక్కడే ఉండనివ్వండి," అంది. అంతే.

*

కళ్ళజోళ్ళ దుకాణం ఇరుకుగా ఉంటుంది. గోడల నిండా ఖాళీ ఫ్రేములు, చూపులేని కళ్ళలాగా.

"ఏంటి ఇబ్బంది?" అడిగాడు కౌంటర్లో మనిషి, తల ఎత్తకుండా.

"దూరంవి బాగానే కనిపిస్తున్నాయి. దగ్గరివే మసగ్గా ఉన్నాయి."

"ఏ కన్ను?"

"చీకట్లో రెండూ ఒకటే."

కౌంటర్ మనిషి వెనక తెర పక్కకి లాగాడు. లోపల అక్షరాల పట్టిక కింద, రోగులు కూర్చునే ఎత్తు కుర్చీలో డిపార్ట్‌మెంట్ అధిపతి కూర్చుని ఉన్నాడు. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. వయసుకి కాదు, ఆయన గొంతు పెంచి మాట్లాడ్డం ఎవరూ వినలేదు కాబట్టి.

"కూర్చోవయ్యా. టీ తాగు."

"వద్దు సార్."

"తాగు. ఎదుటివాడి చేతిలో గ్లాసు లేకపోతే నాకు మాట రాదు."

చీమ గ్లాసు అందుకున్నాడు.

"ఫ్లాష్ మెమరీ చిప్పుని నడిపే డ్రైవర్ ప్రోగ్రాం ఒకటుంది," అన్నాడు పెద్దాయన. "మీ బావ ఎప్పుడో కంప్యూటర్ల గుండెకాయ లాంటి పెద్ద కెర్నెల్ ప్రాజెక్టుకి రాసింది. దాన్ని ఇప్పుడు మీ చిన్న బూట్‌లోడర్ ప్రాజెక్టులోకి ఎవడో మార్చి తెస్తున్నాడు, పోర్ట్ చేస్తున్నాడు. పేరు వడ్రంగి. మారుపేరు."

"అక్కడ అందరివీ మారుపేర్లే సార్."

"నీకు మాత్రం పుట్టగానే చీమ అని పెట్టారా ఏంటి?" పెద్దాయన నవ్వలేదు. "ఆ వడ్రంగి వెనక ఆవలిగట్టు ఉంది."

ఆవలిగట్టు అంటే సరిహద్దు అవతలి ముఠా. బాంబులు పెట్టరు. తుపాకులు అరుదుగా తీస్తారు. ఒక దేశంలోని వస్తువులు ఒకే రోజున మొరాయించేలా చేసి, పక్కన నిలబడి చూస్తారు.

"ఈ సారి ఆసుపత్రుల్లో ఊపిరి పోసే మిషన్లు. వెంటిలేటర్లు. కరెంటు పోయినా మరిచిపోకుండా ప్రోగ్రాముని దాచుకునే చిప్పే ఫ్లాష్. మిషను ఆపి మళ్ళీ ఆన్ చేసినప్పుడల్లా మొదట లేచేది మీ బూట్‌లోడర్. అది ఆ చిప్పుని చదివితేనే మిషను బతుకుతుంది. శుక్రవారం సాయంత్రం మీ రిలీజ్. మిషన్లు వాటంతటవే దాన్ని దించుకుంటాయి. ఆ ఫైలుకి మెయింటైనర్‌వి నువ్వు. రివ్యూ చేశానని నువ్వంటేనే అది లోపలికి పోతుంది."

"అననంటే సరిపోదా?"

"కారణం చూపించకుండా అడ్డం పడితే ఊరుకుంటారా వాళ్ళు? అది మన ఆఫీసు కాదయ్యా, పైనుంచి ఫోను చేయిస్తే ఆగిపోవడానికి."

నిజమే. అక్కడ ప్రతి మాటా మెయిలింగ్ లిస్ట్‌లో, అందరి ముందూ చెప్పాలి.

"మీ బావ రాసినదాంట్లో వడ్రంగి విషం కలిపాడు. అది మీ బావ కనిపెట్టాడు. అందుకే వ్యాను." పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టాడు. "ఆయన్ని పట్టించింది సంపెంగ అని నా అనుమానం. ఆయన పోయే ముందు రోజు ఇద్దరూ కలుసుకున్నారు."

సంపెంగని చీమ ఫోటోల్లోనే చూశాడు. ఆవలిగట్టులో మన మనిషి. మన దగ్గర ఆవలిగట్టు మనిషి కూడా ఆవిడే. ఆవిడ అసలు ఎవరి పక్షమన్నది రెండు ఆఫీసుల్లోనూ ఎడతెగని చర్చ.

*

రివ్యూ అక్క ఇంట్లోనే చేశాడు, బావ కూర్చునే భోజనాల బల్ల దగ్గర. ఆ బల్లకి ఒక కాలు పొట్టి. బావ దాని కింద మడిచి పెట్టిన అట్టముక్క ఇంకా అక్కడే ఉంది.

పోర్ట్ చేసిన కోడ్‌ని ఎలా రివ్యూ చెయ్యాలో చీమకి బావ నేర్పింది కూడా ఈ బల్ల మీదే. అప్పట్లో చదువు కోసం వచ్చి చీమ వీళ్ళింట్లోనే ఉండేవాడు. బయట ముసురు పట్టి ఉండేది. "మొత్తం చదవకు చీమా," అనేవాడు బావ, అతని భుజం మీద చెయ్యి వేసి. "అసలు ఫైలు ఒక పక్కన పెట్టు, పోర్ట్ చేసింది ఇంకో పక్కన పెట్టు. తేడా మాత్రం చదువు. అసలుని అక్కడివాళ్ళు ఎప్పుడో చదివి ఒప్పుకున్నారు. నీకున్నవి రెండు కళ్ళు. వాటిని కొత్తగా మారినదాని మీద పెట్టు." ఏళ్ళ తరబడి అదే పాఠం. చీమ తేడాని తప్ప వేరేది చదివితే బావ చెవి మెలిపెట్టేవాడు.

చీమ తేడా చదివాడు. కెర్నెల్లో ఒక పేరుతో పిలిచే పనిని బూట్‌లోడర్లో ఇంకో పేరుతో పిలుస్తారు. ఆ పేర్లు మారాయి. కొన్ని లైన్ల అమరిక మారింది. అక్కర్లేనివి తీసేశారు. ఒక్కొక్క మార్పు మీదా పాకాడు. వడ్రంగి పని అద్దంలా ఉంది. విషం లేదు.

ఒకే ఒక్క లైను కొత్తది. ఫైలు మొదట్లో, కోడ్ కాని వ్యాఖ్యగా రాసింది. దాని దగ్గర చీమ వేలు ఆగిపోయింది.

"ఏంట్రా, అలా చూస్తున్నావు?" అంది అక్క, ఎదురుగా కూర్చుంటూ.

"బావ గురించి రాశారక్కా. 'ఈ డ్రైవర్‌ని మొదట రాసి, మాకు దారి చూపిన మనిషి జ్ఞాపకార్థం' అని."

"ఎవరు రాశారు?"

"వడ్రంగి అని ఒకతను."

అక్క కాసేపు ఆ తెర వంక చూసింది, ఆ భాష తనకి రాదని తెలిసీ. "ఎవరో మంచివాడు," అంది. తరవాత, "వాళ్ళంతా ఆయన గురించి ఏవేవో రాశారట కదరా. పక్కింటావిడ కొడుకు చెప్పాడు. నాకు చదివి వినిపిస్తావా?"

"వినిపిస్తానక్కా. ఈ పని అవనీ."

పని అయింది. తేడాలో తప్పు లేదు. బావ చేతి పని ఇంకో చోట బతుకుతుంది. చీమ తన పేరు కింద 'రివ్యూ చేశాను' అని రాసి పంపేశాడు.

పెద్దాయనకి ఫోను చేసి చెప్పాడు. "శుభ్రంగా ఉంది సార్."

"విషం లేదా?"

"లేదు."

"మరి వ్యాను ఎందుకెక్కిందయ్యా?"

చీమ తెర మీద తేడాని మళ్ళీ పైనుంచి కిందికి జరిపి చూశాడు.

"శుక్రవారం వైద్య పరికరాల ఎగ్జిబిషన్‌కి సంపెంగ వస్తోంది," అన్నాడు పెద్దాయన. "వెళ్ళి అడుగు."

*

ఎగ్జిబిషన్ హాలు విమానాలు పెట్టుకునే షెడ్డంత ఉంది. వరసగా స్టాళ్ళు, మెరిసే మంచాలు, ఎక్కడ చూసినా మందుల దుకాణం వాసన. నేల తుడిచే యంత్రాల సేల్స్‌మన్ వేషంలో, గోధుమరంగు కోటు, అంటించుకున్న గడ్డంతో చీమ లోపలికి నడిచాడు. కోటు జేబులో అరచేతిలో పట్టే కంప్యూటర్, చెవిలో శనగగింజంత రేడియో.

కాఫీ కౌంటర్ దగ్గర ఆవిడ నిలబడి ఉంది. ముదురాకుపచ్చ సిల్కు, చెవులకి వేలాడే ముత్యాలు, ఇంట్లో కూడా తియ్యదేమో అనిపించే నల్లటి కళ్ళద్దాలు. చుట్టుపక్కల మగవాళ్ళు పరికరాలు చూడ్డం మానేసి చాలాసేపయింది.

"గడ్డం ఎడమవైపు లేచిపోతోంది," అంది సంపెంగ, కప్పులోకి చూస్తూ. "జిగురు మంచిది వాడమని మీ పెద్దాయనకి చెప్పు."

"మా బావని ఎంతకి అమ్మావు?"

"నేనా? మీ బావని వాళ్ళు కొనుక్కుని చాలా ఏళ్ళయింది, నాయనా. అప్పటికి నేను ఈ ఉద్యోగంలోనే లేను."

"అబద్ధం."

"నేను అబద్ధాలాడతానని మీకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు. అందుకే ఇంకా బతికున్నాను. నా మాట ఎవరూ నమ్మరు కాబట్టి నావల్ల ఎవరికీ భయం లేదు." ఆవిడ అద్దాలు కాస్త కిందికి దించింది. కళ్ళ కింద నలుపుంది. ఏ ఫోటోలోనూ అది లేదు. "మీ బావ అలా కాదు. ఆయన నోరు తెరిస్తే అందరూ నమ్ముతారు. అదే కొంప ముంచింది."

"ఆ కోడ్ నేను చదివాను. తేడా మొత్తం. ఏమీ లేదు."

"ఆయనా అదే అన్నాడు. 'వాడు తేడానే చదువుతాడు. నేనే నేర్పాను' అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నవ్వాడో, ఏడ్చాడో... నేను మనుషుల మొహాలు చదివి బతికేదాన్ని. ఆ మొహం మాత్రం నాకు అర్థం కాలేదు."

"నీ దగ్గరికి ఎందుకొచ్చాడు?"

"ఆపేద్దామన్నాడు. పావుగంట తరవాత, ఇంత దూరం వచ్చాక ఆపి ఏం లాభం అన్నాడు. మళ్ళీ ఆపేద్దామన్నాడు. ఏది నిజమో నన్ను అడక్కు." చేతిసంచిలోంచి లిప్‌స్టిక్ తీసి మూత తిప్పింది. "ఒక చిన్న ఆసుపత్రిలో మీ కొత్త వెర్షన్‌ని పరీక్ష కోసం ఒక మిషన్‌లో వేశారు. తరవాత ఆవలిగట్టువాళ్ళు దానికి ఏదో డేటా పంపారు. ఇక లేవలేదు. అదృష్టం, దాని మీద రోగి లేడు. ఆ చిప్పులో ఉన్నదంతా దీంట్లో ఉంది. మంచి రంగు. నీకు నప్పదు."

అంతలో ఆవిడ చూపు చీమ భుజం మీదుగా వెనక్కి పోయింది. నల్ల కోట్లు వేసుకున్న ఇద్దరు, కాఫీ మీద ఏ ఆసక్తీ లేకుండా కౌంటర్ వైపు వస్తున్నారు.

మరుక్షణం చీమ మొహం మీద వేడి కాఫీ పడింది. దాని వెనకే చెంప ఛెళ్ళుమంది.

"సిగ్గులేదూ? నేల తుడిచే మిషన్లు అమ్మడానికి వచ్చి ఆడవాళ్ళతో ఇదా మాట్లాడేది? అక్కాచెల్లెళ్ళు లేరా ఇంట్లో?"

జనం మూగారు. ఆ గోలలో లిప్‌స్టిక్ ఎప్పుడు తన జేబులో పడిందో చీమకే తెలియలేదు. తల వంచుకుని, తిట్లు తింటూ, స్టాళ్ళ మధ్య సందులోకి జారుకున్నాడు. సగం గడ్డం కోటు మీదికి ఊడొచ్చింది. నల్ల కోట్లు వెంట పడ్డాయి.

సందు చివర ఒక వెంటిలేటర్ స్టాలు. మంచం, దాని మీద తెల్లటి దుప్పటి, పక్కన ఆకుపచ్చ దీపం వెలుగుతున్న మిషను. స్టాలు పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఇప్పటికి పంపించారా నిన్ను? పొద్దుట్నుంచి హెడ్డాఫీసుకి మొత్తుకుంటున్నా, రోగిగా పడుకోడానికో మనిషిని పంపండి మహాప్రభో అని! ఆ కోటేంటి? సర్లే, ఎక్కు. కదిలావంటే చంపేస్తా."

చీమ గడ్డం పీకేసి, మంచం ఎక్కి, మాస్కు మొహానికి పెట్టుకుని, దుప్పటి కళ్ళదాకా లాక్కున్నాడు.

*

దుప్పటి కింద, పొట్ట మీద చిన్న కంప్యూటర్. చెవి పక్కన మిషను ఊపిరి తీస్తోంది, వదులుతోంది.

లిప్‌స్టిక్ అడుగుభాగాన్ని కంప్యూటర్‌కి తగిలించాడు. చచ్చిపోయిన మిషను జ్ఞాపకం తెర మీద పరుచుకుంది.

ఫ్లాష్ చిప్పు లోపలంతా చిన్న చిన్న అరలు. బ్లాకులంటారు. వాటిలో కొన్ని పుట్టుకతోనే చెడ్డవి ఉంటాయి, కొన్ని వాడగా వాడగా చెడిపోతాయి. చెడ్డ బ్లాకు అంచున డ్రైవర్ ఒక ముద్ర వేస్తుంది. ముద్ర పడిన బ్లాకుని ఇంకెవరూ ముట్టుకోరు. ఈ చిప్పులో బ్లాకులన్నీ నిక్షేపంగా ఉన్నాయి. ప్రోగ్రాం ఎక్కడా ఒక్క అక్షరం చెరగలేదు. కానీ అన్నిటి మీదా చెడ్డదన్న ముద్ర ఉంది. ఒంట్లో ఏ రోగమూ లేని మనిషిని పోయాడని రాసేసినట్టు.

ముద్ర వేసేది డ్రైవరే. తేడాలో ఏమీ లేదు. అయితే...

చీమ ఆ ఫైలుని మొదటిసారి మొత్తంగా తెరిచాడు. అసలుని పక్కన పెట్టకుండా, తేడా అనేదే లేకుండా, మొదటి లైను నుంచి. ఇన్నేళ్ళలో బావ రాసిన కోడ్‌ని అతను చదవడం అదే మొదలు. వెలుపల ఏవో బూట్ల చప్పుళ్ళు వచ్చి ఆగాయి.

"ఇదేంటి, బొమ్మా?" అంది ఒక మగ గొంతు.

"ముట్టుకోకండి సార్. పేషెంట్ డెమో."

"బొమ్మకి చెమట పట్టిందేం?"

"అదే సార్ మా కొత్త మోడల్ గొప్పదనం. బ్రోషర్ ఇమ్మంటారా? ఆఫర్ ఇవాళ్టితో అయిపోతుంది. మీ కార్డ్ ఒకటి ఇవ్వండి, మా మేనేజర్ చేత ఫోను చేయిస్తా. ఏ ఆసుపత్రి సార్ మీది?"

బూట్లు వెళ్ళిపోయాయి, వచ్చినదానికన్నా వేగంగా.

చీమ పాకుతూ పోయాడు. ఫైలు మధ్యకి వచ్చేసరికి అది కనిపించింది. దాచిపెట్టినట్టు కూడా లేదు. చిప్పులోకి వచ్చే డేటాలో ఒక ప్రత్యేకమైన బైట్ల వరస ఎదురైతే, ఆ బ్లాకు మంచిదైనా సరే చెడ్డముద్ర వేసి పక్కదానికి పోతుంది. అక్కడినుంచి ఇంకోదానికి. పైన వ్యాఖ్య మర్యాదగా ఉంది, 'పాత చిప్పుల కోసం ముందుజాగ్రత్త' అని.

కెర్నెల్లో ఆ లైన్లు ఏళ్ళ తరబడి ఉన్నా ఎవరికీ హాని జరగలేదు. ఎందుకంటే అక్కడ డ్రైవర్ పైన ఇంకో పొర ఉంటుంది. ముద్ర వేసే అధికారం దానిది. కింద డ్రైవర్ ఎంత అడిగినా అది ఒప్పుకోదు. బూట్‌లోడర్ చిన్న ప్రాజెక్టు. పైన పొర లేదు, అడిగేవాళ్ళు లేరు. అవే లైన్లు, అవే అక్షరాలు. మారింది ఇల్లు. తేడా చదివేవాడికి ఇల్లు కనిపించదు.

ప్రతి లైనుకీ అది ఎవరు ఎప్పుడు రాశారో చరిత్ర ఉంటుంది. చీమ అడిగాడు. కంప్యూటర్ చెప్పింది.

రాసింది బావ. ఎవరూ దొంగతనంగా చేర్చలేదు. తారీఖు ఆ ముసురు పట్టిన రోజులది. భోజనాల బల్ల మీద, చీమ భుజం మీద చెయ్యి వేసి, తేడా మాత్రం చదువు అని మొదటిసారి చెప్పిన వారానిది.

బావ ఉచ్చు ముందు అల్లి ఆ తరవాత పాఠం చెప్పాడా, పాఠం చెబుతుండగా ఉచ్చు తోచిందా? ఆ చెయ్యి బరువు చీమకి భుజం మీద ఇంకా తెలుస్తోంది. ఇష్టంగా వేసిన చెయ్యే. అది కూడా అబద్ధం కాదు. అదే భరించరానిదిగా ఉంది.

చెవిలోని రేడియో నొక్కాడు. "సార్. దొరికింది. బావదే."

అవతల పెద్దాయన ఆశ్చర్యపోలేదు.

"మీకు తెలుసా?"

"అనుమానం ఉండేది."

"మరి విషం వడ్రంగి కలిపాడని, సంపెంగ పట్టించిందని..."

"నిజం చెబితే నువ్వు ఆ ఫైలు ముట్టుకునేవాడివా? ఆయన పద్ధతి తెలిసినవాడివి నువ్వొక్కడివే చీమా." గొంతు ఎప్పటిలాగే మెల్లగా ఉంది. "ఆపెయ్. టైం లేదు."

నిజంగానే లేదు. లిస్ట్‌లో రిలీజ్ చూసే ఆయన అప్పటికే రాసేశాడు, 'ఇంక ఎవరికీ అభ్యంతరం లేకపోతే విడుదల చేసేస్తున్నాను' అని. మంచం పక్కన మిషను మీద ఆకుపచ్చ దీపం కాషాయంలోకి మారింది. కొత్త వెర్షన్ వచ్చిందేమోనని తనంతట తాను వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఎన్ని ఆసుపత్రుల్లో, ఎందరి తలల పక్కన ఈ దీపం ఇప్పుడిలాగే మారి ఉంటుందో.

చీమ వేళ్ళు కదిలాయి. 'నా రివ్యూ వెనక్కి తీసుకుంటున్నాను. ఈ పోర్ట్ ఆపండి.' కారణం రాశాడు. ఇక మిగిలింది చివరి లైను. తప్పు ఏ మార్పుతో మొదలైందో, దాన్ని ఎవరు చేశారో చూపించే లైను. లోపం చెప్పిన ప్రతివాడూ దాన్ని రాయాలి. అది ఆ లోకపు ఆచారం.

"చివరి లైను వద్దు," అన్నాడు పెద్దాయన, చూస్తున్నట్టే. "కారణం చాలు. మీ అక్క ఉంది. డిపార్ట్‌మెంట్ పరువుంది. పోయిన మనిషి ఎలాగూ పోయాడు."

కారణం ఒక్కటే రాసినా ఈ పోర్ట్ ఆగుతుంది. కానీ ఆ డ్రైవర్ని ఇంకెందరు తీసుకెళ్ళారో? ఏ ఊళ్ళో నీళ్ళు తోడే పంపుల్లో, ఏ టెలిఫోన్ పెట్టెల్లో ఉందో? వాళ్ళంతా వెతికేది ఆ చివరి లైను కోసమే. ఎక్కడ పుట్టిందో చెప్పకపోతే, ఎక్కడెక్కడికి పాకిందో ఎవరికీ తెలియదు.

అక్క మొహం గుర్తొచ్చింది. 'ఎవరో మంచివాడు' అన్నప్పటి మొహం.

దీపం కాషాయంలో మినుకుమంది.

చీమ బావ పేరు రాశాడు. ఒక్క అక్షరం తప్పు లేకుండా రాసి, పంపేశాడు.

మాస్కులోంచి వచ్చే గాలి చల్లగా ఉంది. తెర మీద ఏమీ లేదు. తరవాత ఒక చిన్న జవాబు వచ్చింది: 'ఆపాను. బటన్ మీద వేలు పెట్టి ఉన్నాను. మంచి రివ్యూ. ధన్యవాదాలు.'

పక్కన దీపం వెతుక్కుని, ఏమీ దొరక్క, మళ్ళీ ఆకుపచ్చగా మారింది. మిషను ఊపిరి తీసింది. వదిలింది.

"ఏయ్, కళ్ళు తుడుచుకోకు," అంది స్టాలు పిల్ల దుప్పటి సర్దుతూ. "రోగులు చేతులు కదపరు."

*

నల్ల కోట్లవాళ్ళిద్దర్నీ గేటు దగ్గర డిపార్ట్‌మెంట్ మనుషులు పట్టుకున్నారు. వాళ్ళని వేలు పెట్టి చూపించింది ముదురాకుపచ్చ సిల్కు కట్టుకున్న ఒకావిడట. పేరు అడిగేలోపు టాక్సీ ఎక్కి వెళ్ళిపోయిందట. వడ్రంగి అన్న పేరు లిస్ట్‌లో మళ్ళీ కనిపించలేదు. ఆ డ్రైవర్ని ఎత్తుకెళ్ళిన ప్రాజెక్టులు ఒక్కొక్కటే బయటికొచ్చి, తమ దగ్గర కూడా ఆ లైన్లు పీకేశామని రాశాయి. పెద్దాయన చీమకి సెలవు ఇచ్చాడు. మర్నాడు చీమ లాకర్ తాళంచెవి కళ్ళజోళ్ళ దుకాణం కౌంటర్ మీద పెట్టేసి వచ్చాడు.

బావ మిస్డ్ కాల్ ఫోన్‌లో ఇంకా ఉంది. సంతకం పెట్టకు అని చెప్పడానికి చేశాడో, పెట్టేశావా అని అడగడానికి చేశాడో.

ఆదివారం మధ్యాహ్నం అక్క భోజనాల బల్ల తుడిచి, కళ్ళజోడు పెట్టుకుని ఎదురుగా కూర్చుంది, చదివేది తను కాకపోయినా.

"ఇప్పుడు చదువు. మొదటి నుంచి."

చీమ చదివాడు. తమకి తెలియనివి ఓపిగ్గా చెప్పేవాడని ఒకరు. ఎప్పుడూ ఎవరినీ చిన్నబుచ్చలేదని ఒకరు. ఆయన రాసిన కోడ్‌ని కళ్ళు మూసుకుని నమ్మేవాళ్ళమని ఇంకొకరు. ఒక్కొక్కదానికీ అక్క మెల్లగా తలూపింది. కొన్నిటికి నవ్వింది. "అవును, అలాగే అనేవారు," అంది ఒకదానికి.

"అయిపోయాయా?"

"ఇంకొకటుంది."

"ఎవరు రాశారు?"

"నేనే అక్కా."

"నువ్వూ రాశావా! చెప్పవేం మరి? చదువు."

చీమ తెర వంక చూశాడు. బల్ల కింద అట్టముక్క జారినట్టుంది, మోచెయ్యి ఆన్చగానే బల్ల ఊగింది.

"కళ్ళు మసగ్గా ఉన్నాయక్కా. రేపు చదువుతా."

"ఎన్నాళ్ళని అలా ఉంటావు? కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళి చూపించుకోరాదురా?"

"వెళ్ళానక్కా. దూరంవి బాగానే కనిపిస్తున్నాయన్నారు."

ఆ ఒక్కటీ అక్కకి ఇంకా చదివి వినిపించలేదు.